గద్వాలకు పోని బండి

ఫిబ్రవరి, రెండో ఆదివారం. వనపర్తి, పెద్ద బావమరిది ఇల్లు. మధ్యాహ్నం భోజనాలయ్యాక.

హాజరైనవారు: నా భార్య, ఆమె అన్న, అంటే నా పెద్ద బావమరిది, ఆయన భార్య (వరసకు నాకు చెల్లెలు), నేను. హాజరు కానివాడు: ఎవరి గురించి కూర్చున్నామో ఆ మనిషి. నా చిన్న బావమరిది.

ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అని ముందు రాసుకోకపోతే తరువాత రాసేది నాకే నమ్మబుద్ధి కాదు. ఆర్టీసీ బస్టాండులో కంట్రోలరుగా పనిచేసి రిటైరైనవాణ్ని. ఏ బస్సు వచ్చింది, ఏది రాలేదు, ఎందుకు రాలేదు అని రాస్తూ రాస్తూ చెయ్యి అట్లా అలవాటుపడింది. ఉద్యోగం అయిపోయింది, డైరీ అయిపోలేదు.

చిన్న బావమరిది దర్జీ. పెళ్లి చేసుకోలేదు, అన్నగారింట్లోనే ఉంటాడు. ముందు గది అతని దుకాణం. పడుచుతనంలో మొదలైన జబ్బు ఒకటుంది. ఏళ్ల తరబడి మామూలుగా ఉంటాడు. ఎప్పుడో ఒకసారి మనసు పైకి లేస్తుంది. అప్పుడు నిద్ర ఉండదు, ఆకలి ఉండదు, లోకమంతా తన కొత్త జాకెట్టు కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. కొన్నాళ్లకు అదే మనసు అడుగంటిపోతుంది. గోలీలు వేసుకుంటే ఈ రెండూ రావు, లేదా వచ్చినా మెల్లగా వస్తాయి. నెలనెలా నాగర్‌కర్నూల్ దవాఖానకు అతనికి తోడుగా పోయేది నేనే.

పెద్ద బావమరిది బిడ్డ పెళ్లి పక్షం రోజుల్లో ఉంది. కూర్చున్నది దాని గురించే.

"వారం నుంచి వాడు నిద్ర పోతలేడు. రాత్రంతా మిషన్ టకటక," అన్నాడు పెద్ద బావమరిది.

"నువ్వు పోతున్నవా?" అంది చెల్లె. "పెండ్లి పెట్టుకున్నంక ఈ ఇంట్ల ఎవరు నిద్ర పోతుండ్రు?"

"మాటలు ఎక్కువైనయ్."

 అన్నం ముందు కూర్చున్నప్పటి నుంచి చెయ్యి కడిగేదాకా ఆ మాట అన్నాయన ఒక్కడే మాట్లాడాడు. నా భార్య సీలింగు ఫ్యానును శ్రద్ధగా చూడసాగింది.

"ఉన్నదానికి మించి ఖర్చు పెడ్తుండు. ఏ పోరి వచ్చినా ఊరికెనే కుట్టి ఇస్తుండు."

"డ్రోను కెమెరా ఎవరు మాట్లాడిండ్రో?" అంది చెల్లె.

"అది పెండ్లి ఖర్చు!"

"జాకెట్లు గూడ పెండ్లియే."

నేను డైరీలో రెండు గళ్లు గీశాను. ఎడమవైపు లక్షణం, కుడివైపు ఎవరిలో ఉంది అని. కుడివైపు గడి ప్రతిసారీ నిండిపోయి, చివరికి పెళ్లికూతురు పేరు కూడా ఎక్కేట్టుంది. దాన్ని పెద్ద బావమరిది చూశాడు.

"బావా, నీ రాతలు బంద్ పెట్టు. నీకు నవ్వులాటగ ఉన్నది."

నవ్వులాట కాదని నాకూ తెలుసు. చిన్న బావమరిది ఈసారి నిజంగానే కొంచెం పైకి లేస్తున్నాడు. దువ్వెన పెట్టని జుట్టు, ఒక మాట పూర్తికాకముందే ఇంకో మాట. అది నేనూ గమనించాను. కానీ ఇంట్లో వాళ్లను భయపెట్టింది అది కాదు, మైకు.

కిందటిసారి ఇట్లాంటి ఊపులోనే కల్వకుర్తిలో ఒక బంధువుల పెళ్లికి పోయి మైకు చేతబట్టాడు. వచ్చిన పెద్దమనుషులందరినీ సభకు పరిచయం చేస్తానన్నాడు. చేశాడు. ఒకాయనకు షుగరు ఉందని, అయినా జిలేబీల దగ్గరి నుంచి కదలడం లేదని చెప్పాడు. ఇంకొకాయన ఇచ్చిన స్టీలు డిన్నరు సెట్టు ఆయనకే వేరే పెళ్లిలో వచ్చిందని, డబ్బా మీద పాత పేరు గీకిన గుర్తు చూడవచ్చని చెప్పాడు. పెళ్లికొడుకు మేనమామ నెత్తి మీది జుట్టు ఆయనది కాదని, అయినా ఆయనకు బాగా కుదిరిందని మెచ్చుకున్నాడు. చెప్పినవన్నీ నిజాలే. అబద్ధాలు చెప్పి ఉంటే జనం పాపం అని నవ్వి మరిచిపోయేవారు. ఇప్పటికీ ఆ మేనమామ మా ఇంటి గడప తొక్కడు.

"పెండ్లికొడుకు దిక్కోళ్ల ముందర వాడు మైకు పట్టుకున్నడనుకో, నా బిడ్డ గతేంది?" అన్నాడు పెద్ద బావమరిది. "అందుకే అడిగొచ్చిన. హైదరాబాద్ పక్కన ఒక జాగ ఉన్నది. గేటు కాడ ఇంటోళ్లు సంతకం పెడ్తే సాలు, లోపలికి తీస్కుంటరు. పెండ్లి అయినంక తెచ్చుకుందం. ఏం కొట్టరు, తిట్టరు. పండవెడ్తరు, గంతే."

"వాణ్ని అడుగుతవా?" అంది నా భార్య.

"అడిగితే వస్తడా?"

పోయినసారి ఇట్లాంటిదే ఒక చోట పెట్టినప్పుడూ అడగలేదు. దర్గాకు పోదామని కారెక్కించారు. గేటు దాకా అతను కిటికీలోంచి దారిలోని దుకాణాల బోర్డులు చదువుతూ, పాడుతూ వెళ్లాడట. గేటు దగ్గర తువాలతో చేతులు కట్టారు. తిరిగి వచ్చాక నెలల తరబడి ఇంట్లో వండినది ముట్టలేదు. తొక్క ఉన్నవే తిన్నాడు. అరటిపండు, పల్లీలు, తన చేత్తో ఒలుచుకున్న ఉడికిన గుడ్డు. ఎందుకంటే అంతకుముందు పెద్ద బావమరిది అంబలిలో గోలీలు నూరి కలిపి తాగించాడు. చేదు నోటికి తెలియలేదు కానీ చెంబు అడుగున తెల్లటి పొడి మిగిలింది.

ఆ సంగతి తెలిశాకే నేను నాగర్‌కర్నూల్ డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నాను. ఆమె చెప్పింది తేదీతో సహా రాసిపెట్టుకున్నాను. అదే ఇప్పుడు చదివాను. రోగం ఉన్నంత మాత్రాన మనిషికి తన మంచిచెడు తెలియదని అనుకోకూడదు. వద్దన్నవాణ్ని దవాఖానలో పెట్టాలంటే, తనకో ఎదుటివాళ్లకో హాని చేసేట్టుండాలి, లేదా తన ఒళ్లు తాను చూసుకోలేక ప్రమాదంలో పడేట్టుండాలి. అప్పుడైనా ఒక్కరి మాట చాలదు, ఇద్దరు వేరువేరుగా పరీక్షించాలి. అదీ కొన్నాళ్లకే. అది తప్పని అప్పీలు చేసుకోవడానికి పైన ఒక ప్రభుత్వ బోర్డు ఉంటుంది.

"ఇండ్ల పెండ్లి ఉన్నది అనే కారణం ఎక్కడా లేదు," అని ముగించాను.

 

"నాకు చట్టం చదివి చెప్పకు బావా," అన్నాడు పెద్ద బావమరిది. "వాడు అమ్రాబాద్ అడవి దిక్కు నడుసుకుంట పోయిన నాడు చట్టం వచ్చి ఎతికిందా? నేను ఎతికిన. ఫారెస్టోళ్లు పట్టుకున్నప్పుడు వాని కాళ్ల నిండ బొబ్బలు. ఏం తిన్నడో, యాడ పన్నడో. వాణ్ని సంకన వేస్కొని తెచ్చింది నేను. ఎక్కువ తక్కువైతే మళ్ల ఎతకాల్సింది గూడ నేనే."

 ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసుకున్నాను.

కొంచెంసేపటికి ఆయనే తేరుకొని పథకం చెప్పాడు. రేపు పొద్దున పెళ్లి చీరలకు గద్వాల పోదామని చెప్పాలి. చీర అంటే వాడు చెప్పులు కూడా వేసుకోకుండా కారెక్కుతాడు. ఎక్కాక కారు హైదరాబాదు పోతుంది.

"గద్వాలకు పోవాలంటే పెబ్బేరు దిక్కు తిరగాలె," అన్నాను. "నువ్వు కొత్తకోట దిక్కు తిప్పితే వాడు ఊరు దాటకముందే అడుగుతడు."

"అప్పుడు గద్వాలల బందు ఉన్నదంట అని చెప్తం."

"ఎవరు చెప్తరు?"

ముగ్గురూ నావైపు చూశారు.

"నువ్వు చెప్తే నమ్ముతడు బావా. నీ మాటంటేనే వానికి గురి."

"చెప్త," అన్నాను. "కాని బండి యాడికి పోతదో అదే చెప్త. బోర్డు ఒకటి పెట్టి ఇంకో దిక్కు తోలిన బస్సును నా సర్వీసుల నేను ఒదల్లే. బ్రిడ్జి తెగిపోయి దారి మార్చినప్పుడు గూడ ముందు మైకుల చెప్పినంకనే బస్సు కదిలింది."

"నువ్విప్పుడు డ్యూటీల లేవు!"

"డ్యూటీల ఉన్నప్పుడు తిట్లు తిన్న గాని అబద్ధం చెప్పలే. రిటైరైనంక మొదలుపెట్టాల్నా?"

చెల్లె అంతసేపూ కూరగాయలు కోస్తున్నది. కత్తిపీట పక్కకు జరిపి, "నేను చెప్త," అంది. "మొఖం మీదనే చెప్త. నాకు భయమైతుంది అని చెప్త. ఏమైతది?"

"నువ్వు సప్పుడు చెయ్యకు," అన్నాడు ఆమె భర్త.

సాయంత్రం చిన్న బావమరిది ఊళ్లో కొలతలు తీసుకొని వచ్చాడు. మెడలో టేపు, చంకలో సంచి, నోట్లో గుండుసూదులు. మా ఇంటామెను చూడగానే సూదులు తీసి, "అక్కా, భుజాలు దిగినయ్, పాత కొల్త పనికి రాదు," అని టేపు పట్టుకున్నాడు. నన్ను చూసి, "బావా, నీ నడుము కొల్త నేను కండ్లతోనే చెప్త, బయట చెప్పనులే," అన్నాడు. నిజంగానే సరదాగా ఉన్నాడు. ఆ సరదా ఎంతవరకు అతనిది, ఎంతవరకు జబ్బుది అని కొలిచే టేపు మాత్రం ఎవరి దగ్గరా లేదు.

పెద్ద బావమరిది తమ్ముడికి కుర్చీ వేశాడు. టీ చల్లారిందేమో చూడమని భార్యకు చెప్పాడు. ఫ్యాను అతనివైపు తిప్పాడు. అలసిపోయి ఉంటావు అన్నాడు.

చిన్న బావమరిది ఆ మర్యాదలన్నీ ఒకదాని తరువాత ఒకటి చూశాడు. మాటలు తగ్గాయి.

"రేపు గద్వాల పోదం," అన్నాడు అన్న. "చీరలకు. నువ్వు లేనిది రంగు ఎవరు చూస్తరు?"

"పోదం," అన్నాడు అతను. తరువాత నావైపు చూశాడు. నేను కళ్లు దించుకోలేదు. పొద్దున మాట్లాడుకుందాం అన్నాను.

భోజనాల వేళ చెల్లె జొన్నరొట్టె, పప్పు వడ్డించింది. అతను ఆకలి లేదన్నాడు. లేచి, పెళ్లికి తెచ్చిపెట్టిన గెల నుంచి ఒక అరటిపండు తెంపుకున్నాడు. తొక్క చుట్టూ తిప్పి చూసుకొని తిన్నాడు. చెల్లె చేతిలో గరిటె అట్లాగే ఉండిపోయింది. 

మర్నాడు సోమవారం. పొద్దున్నే కిరాయి కారు వచ్చి గేటు ముందు ఆగింది. డ్రైవరు పక్క గల్లీలో ఉండే ముస్లిం పెద్దమనిషి, ఎవరింట్లో ఏ శుభమైనా ఆయన కారే.

"సలాం సేట్. యాడికో చెప్పుండ్రి, డీజిలు దాన్ని బట్టి కొట్టిస్త."

"గద్వాల," అన్నాడు పెద్ద బావమరిది గట్టిగా. అంటూనే, తమ్ముడికి కనపడకుండా చెయ్యి ఉత్తరం దిక్కు ఊపాడు.

డ్రైవరు కాసేపు ఆలోచించాడు. "సేట్, మీ నోరు గద్వాల అంటుంది, చెయ్యి హైదరాబాద్ అంటుంది. నేను ఏది పట్టాలె?"

చిన్న బావమరిది ఒక కాలు కారులో పెట్టి ఆగిపోయాడు. ఇక నేను ఆగలేదు. కారు పక్కన నిలబడి, గొంతు సవరించుకొని, బస్టాండులో చెప్పినట్టే చెప్పాను.

"ప్రయాణికులకు మనవి. ఈ బండి గద్వాల పోవుట లేదు. వయా కొత్తకోట, జడ్చర్ల మీదుగా హైదరాబాదు పోవును. అక్కడ చిన్న బావమరిదిని ఒక దవాఖానలో పెట్టి, పెళ్లి అయినంక తీసుకురావలెనని ఇంటివారి ఆలోచన. ఇష్టమున్నవారు ఎక్కగలరు. లేనివారు దిగి మాట్లాడగలరు."

ఎదురింటివాళ్లు పళ్లు తోముకోవడం ఆపారు. పెద్ద బావమరిది ముఖం కందగడ్డలా అయింది. చిన్న బావమరిది కారులోంచి కాలు తీసి నేల మీద పెట్టాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఎందుకో అర్థం కావడానికి నాకు ఒక క్షణం పట్టింది. ఎవరైనా కడతారేమోనని.

"దర్గా అయిపోయింది, ఇప్పుడు గద్వాలనా అన్నా?" అన్నాడు. గొంతులో నవ్వు లేదు. "రాత్రి కుర్చీ ఏసినప్పుడే అనుకున్న. పోయినసారి గూడ గిట్లనే మర్యాద చేసిండ్రు."

"నీ మంచికేరా!"

"నా మంచిది నాకు చెప్పరాదా మరి?"

అప్పుడు చెల్లె చెయ్యి తుడుచుకుంటూ గేటు దాకా వచ్చింది.

"నేను చెప్త. నాకు భయమైతుంది. నా బిడ్డ పెండ్లిల నువ్వు మైకు పట్టుకుంటవని ఒక భయం. అడవుల పడి పోతవని ఇంకో భయం. మొదటిది నా పరువుకు. రెండోది నీకోసం. నువ్వు నిద్ర పోతలేవు. గోలీలు ఏస్కుంటున్నవా లేదా? అబద్ధం చెప్పకు."



"సగం ఏస్కుంటున్న," అన్నాడు. చెయ్యి ముందుకు చాచి చూపించాడు. వేళ్లు సన్నగా వణుకుతున్నాయి. "మొత్తం ఏస్కుంటే ఇంక ఎక్కువ ఒణుకుతుంది వదినా. సూదిల దారం ఎక్కది. బిడ్డ పెండ్లి జాకెట్టు నేను గాక ఎవరు కుడ్తరు?"

నెలనెలా పక్కన కూర్చొని ప్రయాణం చేసిన నాకు ఈ సంగతి తెలియదు. ఏమేమో రాసుకున్నాను కానీ అతని వేళ్ల గురించి ఒక్క మాటా లేదు.

"మరి డాక్టరమ్మకు చెప్పినవా?" అన్నాను.

"చెప్తే గోలీ మారుస్తది. కొత్త గోలీ ఇంకేం చేస్తదో. పెండ్లి అయినంక చెప్దమనుకున్న."

"అందరికీ పెండ్లి అయినంకనే," అంది నా భార్య.

డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "అయితే బండి బందా?" అన్నాడు.

చిన్న బావమరిది వీధి చివరిదాకా చూశాడు. తరువాత తానే ముందు సీట్లో కూర్చున్నాడు. "నాగర్‌కర్నూల్. బిజినపల్లి మీదికెల్లి పోనియ్యి. హైదరాబాద్ దిక్కు మలిపినవనుకో, నడిచే బండిలకెల్లి దుంకుత."

"తోబా! కొత్త సీటు కవర్లు," అన్నాడు డ్రైవరు.

అందరం ఎక్కాం.  దారి పొడుగునా చిన్న బావమరిది ప్రతి మలుపు దగ్గరా డ్రైవరు చేతులను చూస్తూ కూర్చున్నాడు.

డాక్టరమ్మ ముందు అతన్ని ఒక్కణ్నే లోపలికి పిలిచింది. "నేను అన్నను," అన్నాడు పెద్ద బావమరిది. "ఆయన రమ్మంటే పిలుస్తాను, కూర్చోండి," అంది ఆమె. ఆయన కూర్చోలేదు. తలుపు ముందు అటూ ఇటూ తిరిగాడు.

చాలాసేపటికి మమ్మల్ని పిలిచారు. చేతుల వణుకు ఆ గోలీల వల్లేనని, రక్తపరీక్ష చేసి మోతాదు సరిచూడవచ్చని, వేరే మందు కూడా ఉందని ఆమె చెప్పింది. బలవంతంగా ఉంచే అవసరం ఇప్పుడు లేదంది. నిద్ర కుదుటపడేదాకా కొన్నాళ్లు ఇక్కడే ఉంటే మంచిదని, అది అతని ఇష్టమని అంది.

పెద్ద బావమరిది బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి, "అమ్మా, పెండ్లి దాక పనిచేసే సూది ఏమన్న ఉంటే..." అన్నాడు.

"ఆయన ఇక్కడనే ఉన్నడు," అంది చెల్లె. "ఆయన్ని అడుగు."

చిన్న బావమరిది ఫక్కున నవ్వాడు. ముందురోజు సాయంత్రం తరువాత అదే మొదటి నవ్వు. "డాక్టరమ్మా, ఎప్పుడన్న నాకు సోయి లేకుంటయితే నా తరఫున మాట్లాడనీకి ఒక మనిషి పేరు రాయొచ్చన్నరు గద? మా వదిన పేరు రాయుండ్రి."

నేను నా పేరే చెబుతాడనుకున్నాను. కలం మూత కూడా తీశాను. మళ్లీ పెట్టాను.

"అన్నను ఉండంగ వదిన పేరేందిరా?" అన్నాడు పెద్ద బావమరిది.

"నువ్వు భయమైనప్పుడు కుర్చీ ఏస్తవ్. ఆమె భయమైందని చెప్తది."

చెల్లె డాక్టరమ్మవైపు తిరిగింది. "అంటే నేనేం చెయ్యాలె?"

"ఆయన చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు, ఆయన ఏం కోరుకుంటాడో అది మీరు చెప్పాలి. మీరు కోరుకునేది కాదు."

ఆమె కొంగు వేలికి చుట్టుకుంటూ ఆలోచించింది. "కష్టమే," అంది. సంతకం పెట్టింది.

ఇక్కడ ఉండాలా, ఇంటికి పోవాలా అన్నది మిగిలింది. అందరం అతనివైపు చూశాం. అతను వెంటనే చెప్పలేకపోయాడు. ఇట్లా అడిగించుకోవడం అలవాటు లేక కావచ్చు. పెద్ద బావమరిది ఏదో అనబోతే చెల్లె ఆయన చెయ్యి నొక్కింది.

"ఉంట," అన్నాడు చివరికి. "నిద్ర వచ్చేదాక. పెండ్లికి ముందు వస్త. జాకెట్టుకు హుక్కులే మిగిలినయ్, అవి బిడ్డను కుట్టుకోమనుండ్రి. అన్నా, తీస్కపోనీకి నువ్వే రావాలె."

"వస్త."

"యాడికని చెప్పి తీస్కపోతవ్?"

"ఇంటికనిరా, ఇంటికని!" అన్నాడు పెద్ద బావమరిది. 

చిన్న బావమరిది సంచి భుజాన వేసుకొని నర్సు వెనకాల నడిచాడు. పెద్ద బావమరిది వాళ్ల వెనకే గది దాకా వెళ్లాడు. తిరిగి వచ్చేసరికి ఆలస్యమైంది. మేమంతా కారు దగ్గర నిలబడి ఉన్నాం. ఆయన వచ్చి, భార్యతో మాత్రమే, మెల్లగా అన్నాడు.

"సూసిన. వాని గది తలుపుకు బయట గడె లేదు, లోపలి దిక్కే ఉన్నది."